రోజూ నవ్వుకుంటూ చదివే మేరీ వర్త్‌ను మానలేకపోతున్నాను, ఎందుకు?

ప్రశ్న: నయీంనగర్ పాత లెక్చరర్ (హన్మకొండ)

కిందటి ఏడు మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి నేనూ మా శ్రీమతీ అమెరికా వెళ్లాం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. కారు నడపడం రాని వాళ్లకు కాలినడకన చేరుకోగల చోటు ఆ ఊరి గ్రంథాలయం ఒక్కటే కనుక, నేను రోజూ పది గంటలకల్లా అక్కడికి వెళ్లి దినపత్రికలు తిరగేయడం అలవాటు చేసుకున్నాను. హన్మకొండలో పత్రిక చేతికి రాగానే సంపాదకీయం తెరిచే మనిషిని, అక్కడి రాజకీయాలు అంతుపట్టక, పదిహేను రోజులు తిరిగేసరికి బొమ్మల పేజీలో స్థిరపడిపోయాను. నవ్వించడానికి వేసిన బొమ్మలు నన్ను అంతగా నవ్వించలేదు. ఆ పేజీ అడుగున, నవ్వించే ఉద్దేశం ఏమాత్రం లేకుండా ఎంతో గంభీరంగా నడుస్తున్న మేరీ వర్త్ అనే బొమ్మల సీరియల్ మాత్రం కడుపుబ్బ నవ్వించింది.

తెలియని వారి కోసం కథ చెబుతాను. కాలిఫోర్నియాలో శాంటా రాయల్ అనే కల్పిత పట్టణం ఉంది. అందులో చార్టర్‌స్టోన్ అనే అపార్ట్‌మెంట్ల సముదాయంలో మేరీ వర్త్ అనే నెరిసిన జుట్టు పెద్దావిడ, భర్త పోయిన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఇరుగుపొరుగు వాళ్లకు ప్రేమలోనో, కాపురంలోనో, ఉద్యోగంలోనో ఏదో ఒక చిక్కు వస్తుంది. ఆవిడ మఫిన్లు చేసుకొని వెళ్లి, వాళ్లు అడిగినా అడగకపోయినా సలహా చెబుతుంది. వాళ్లు కన్నీళ్లు తుడుచుకొని కృతజ్ఞతలు చెబుతారు. ఆ కృతజ్ఞతలకే ఒక వారం పడుతుంది. తరువాత మరో పొరుగువారి వంతు. ఇదంతా రోజుకు రెండు మూడు బొమ్మల గడుల చొప్పున నెలల తరబడి సాగుతుంది కాబట్టి, సోమవారం ఒక పాత్ర ఫోన్ ఎత్తితే అవతల ఎవరున్నారో మనకు తెలిసేసరికి బుధవారం అవుతుంది, ఆ ఫోన్ పెట్టేసేసరికి మన ఇంట్లో వారానికి తెచ్చుకున్న కూరగాయలు అయిపోతాయి.

గ్రంథాలయంలో నా పక్క కుర్చీలో రోజూ ఒక అమెరికన్ పెద్దాయన కూర్చునేవారు. ఆ గడుల దగ్గరికి రాగానే ఆయన భుజాలు కదిలేలా నవ్వి, పత్రిక నావైపు తిప్పి, వేలితో ఒక మాటల బుడగను చూపించేవారు. ముప్ఫై ఏళ్లుగా చదువుతున్నానని, ఈ ముప్ఫై ఏళ్లలో ఒక్కరోజు కూడా బాగుందని అనుకోలేదని ఆయనే నాతో చెప్పారు. మరి ఎందుకు చదువుతున్నారని అడిగితే, రేపు ఏం కాదో చూద్దామని అన్నారు.

తిరిగి వచ్చి ఏడు నెలలైంది. ఇప్పుడు నేను కూడా సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నడక ముగించి బెంచీ మీద కూర్చొని, ఫోన్‌లో ఆ గడులు తెరిచి, ఒంటరిగా నవ్వుకుంటున్నాను. మా శ్రీమతి నిన్న నిలదీసింది. "నా సీరియల్‌కు ఇరవై ఏండ్ల సంది పేర్లు పెడుతున్నరు గదా, గిప్పుడు మీరు జూసేదేంది?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

నా సందేహం ఇది. ఇంత నెమ్మదిగా, చెప్పిందే చెబుతూ సాగే కథను ఆ రచయితలు తెలిసే అలా రాస్తున్నారా, లేక అలా తప్ప రాయడానికి వీలు లేదా? ఇందరు ఎగతాళి చేస్తున్నా పత్రికలు దాన్ని ఎందుకు తీసివేయడం లేదు? ఒకరు రోజూ కష్టపడి గీసే బొమ్మను చూసి నవ్వడం తప్పేమో అన్న గుంజాటన కూడా కొంచెం ఉంది. ఎవరైనా ఈ తరహా సీరియళ్లు చదివిన వారుంటే చెప్పగలరు.


జవాబు: కాజీపేట డెస్క్ (విశ్రాంత సబ్‌ఎడిటర్)

సార్, నమస్కారం. నేను ఇరవై రెండేళ్లు ఒక పత్రిక జిల్లా ఎడిషన్ డెస్క్‌లో రాత్రి డ్యూటీ చేసినవాణ్ని కనుక మీ మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలను. మూడోది పెద్దవాళ్లకు వదిలేస్తున్నాను.

ముందుగా గ్రహించవలసింది ఏమిటంటే, ఆ బొమ్మల సీరియల్‌ను మీరు చదివిన పత్రిక వాళ్లు తయారు చేయరు. ఫీచర్ సిండికేట్ అనే సంస్థ రచయితతో, చిత్రకారుడితో చేయించి అనేక పత్రికలకు ఒకేసారి అమ్ముతుంది. మేరీ వర్త్‌ను ఇప్పుడు అలా అమ్మేది కింగ్ ఫీచర్స్ అనే సంస్థ. కొన్ని పత్రికలు సోమవారం నుంచి శనివారం వరకు వచ్చే గడులను మాత్రమే కొంటాయి, కొన్ని ఆదివారం రంగుల గడులను మాత్రమే కొంటాయి, కొన్ని రెండూ కొంటాయి. ఇప్పుడు ఆ రచయిత ఇబ్బంది చూడండి. ఆదివారం ఏదైనా కొత్త సంగతి జరిగితే మిగిలిన ఆరు రోజులు మాత్రమే చదివేవాడికి సోమవారం కథ అర్థం కాదు. ఆదివారం ఏమీ చెప్పకపోతే ఆదివారం మాత్రమే చదివేవాడికి అసలు కథే లేదు. అందువల్ల ఆదివారమంతా వారం రోజుల కథను తిరిగి చెప్పడానికే సరిపోతుంది. పైగా పత్రికల్లో స్థలం ఒక్కోచోట ఒక్కో కొలతలో ఉంటుంది కాబట్టి, చాలా ఆదివారం సీరియళ్లలో పై వరుస గడులను అవసరమైతే కత్తిరించి పారేసే వీలుతో గీస్తారు. పారేయడానికి వీలున్న గడిలో అవసరమైన మాట ఎవరూ రాయరు గదా.

ఇక మామూలు రోజుల లెక్క. రోజుకు మూడు గడులు అనుకుంటే వారానికి పద్దెనిమిది. నిన్న పత్రిక చూడని వాడి కోసం మొదటి గడిలో నిన్నటి సంగతి గుర్తు చేయాలి, రేపు పత్రిక కొనిపించడానికి మూడో గడిలో ఏదో ఒక ఆశ చూపించాలి, కథ కదలడానికి మిగిలేది నడిమి గడి ఒక్కటే. అంటే వారానికి ఆరు గడులు. నాలాంటి వాడు రాత్రి పన్నెండు గంటలకు పేజీ దించుతూ వేసుకున్న తల లెక్క ఇది, కచ్చితమైన సూత్రమేమీ కాదు, కానీ మీరు ఏ నెల గడులు తీసుకొని చూసినా దాదాపు ఇలాగే తేలుతుంది. దానికి తోడు పత్రికలు బొమ్మల పేజీని దశాబ్దాలుగా కుదిస్తూ వచ్చాయి. గడి చిన్నదయ్యే కొద్దీ అందులో గుర్రాలు పరుగెత్తలేవు, ఓడలు మునగలేవు, ఇద్దరు మనుషుల తలకాయలు ఎదురెదురుగా మాట్లాడుకోవడం ఒక్కటే పడుతుంది.

ఈ తరహాకు ఉన్న పేరులోనే దాని పుట్టుక ఉంది. 1930ల అమెరికా రేడియోలో పగటిపూట ఇల్లాళ్ల కోసం వచ్చే ధారావాహిక నాటకాలకు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వంటి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టేవి కాబట్టి వాటికి సోప్ ఒపెరా అన్న పేరు పడింది. ఆ పద్ధతే పత్రికల్లోకి వచ్చింది. 1934లో మార్తా ఓర్ అనే చిత్రకారిణి, ఆర్థిక మాంద్యం రోజుల్లో వీధిలో ఆపిల్ పండ్లు అమ్ముకునే ముసలమ్మ కథగా ఆపిల్ మేరీని మొదలుపెట్టింది. 1938లో అలెన్ సాండర్స్ రచనతో, డేల్ కానర్ బొమ్మలతో ఆ చోటనే మేరీ వర్త్ వచ్చింది. ఆ ఆపిల్ ముసలమ్మే ఈ మేరీయా కాదా అన్న తగవు ఇప్పటికీ ఉంది, సిండికేట్ మాత్రం కాదనే అంటుంది. 1942 నుంచి కెన్ ఎర్న్‌స్ట్ బొమ్మలు గీశాడు. అలెన్ తరువాత ఆయన కొడుకు జాన్ సాండర్స్ రాశాడు, 2004 నుంచి కారెన్ మోయ్ రాస్తున్నారు. నికొలస్ డాలిస్ అనే మానసిక వైద్యుడు 1948లో రెక్స్ మోర్గన్ అనే డాక్టరు కథను, 1952లో జడ్జ్ పార్కర్‌ను, 1961లో అపార్ట్‌మెంట్ త్రీ జీని మొదలుపెట్టాడు. ఒక మనిషి ఆసుపత్రినీ, కోర్టునీ, అద్దె ఇంటినీ మూడు సీరియళ్లు చేసి పెట్టాడన్నమాట. మన టీవీ వాళ్లు ఇంకా ఇంటి హాలు దాటి బయటికి రాలేదు.

పత్రికలు ఎందుకు తీసివేయవంటే, తీసివేసిన మరుసటి ఉదయం ఫోన్లు ఎత్తవలసింది సంపాదకుడే కాబట్టి. మా డెస్క్‌లో ఒక రాత్రి పొరపాటున రాశిఫలాలు జారిపోయాయి. ఆ రోజు మొదటి పేజీ శీర్షికలో పెద్ద తప్పు పడింది, దాని గురించి ఒక్కరూ ఫోన్ చేయలేదు. రాశిఫలాల కోసం సాయంత్రం దాకా మోగుతూనే ఉంది. ఫోన్ చేసిన వాళ్లలో సగం మంది, మేము వాటిని నమ్మమనుకోండి, ఊరికే చూస్తాం అని కూడా చెప్పారు.


జవాబు: మానేరు గట్టు (కరీంనగర్)

కాజీపేట సార్ యంత్రం ఎలా తిరుగుతుందో చెప్పారు, నేను అందులో నలిగే గింజల గురించి చెబుతాను. పదిహేనేళ్లుగా ఈ సీరియళ్లను చదువుతూ, తోటి ఉద్యోగులకు పంపి వాళ్ల ప్రాణం తీస్తున్న వాణ్ని.

ఎగతాళికి మొదటి మేత మేరీ వర్త్ జీవితమే. ఊరందరికీ పెళ్లి చేసుకొమ్మని, మనసు విప్పి మాట్లాడుకొమ్మని చెప్పే ఆవిడకు డాక్టర్ జెఫ్ కోరీ అనే స్నేహితుడున్నాడు. ఆయన సముద్రం ఒడ్డున ఉన్న బమ్ బోట్ అనే రెస్టారెంట్‌కు ఆవిడను తీసుకువెళ్లి ఎన్నిసార్లో పెళ్లి మాట ఎత్తాడు, ఆవిడ అన్నిసార్లూ సున్నితంగా దాటవేసింది. భోజనం మాత్రం ఎప్పుడూ మానలేదు. రెండో మేత విల్బర్ వెస్టన్. ఈయన వెండీ అనే ఆడపేరుతో పత్రికలో పాఠకుల సమస్యలకు సలహాలు రాసి బతుకుతాడు, ఆయన సొంత బతుకులో మాత్రం ఒక్క సమస్య కూడా తీరదు, దిగులు పుట్టినప్పుడల్లా మయొనైజ్ పూసిన శాండ్‌విచ్ తింటాడు. ఒకసారి విహార నౌక మీదికి వెళ్లి, తాగిన మైకంలో సముద్రంలో పడిపోయాడు. అందరూ చనిపోయాడనుకున్నారు. పాఠకులు అప్పుడు ఏడవలేదు, ఆయన క్షేమంగా తిరిగి వచ్చినప్పుడు ఏడ్చారు.

అయితే ఈ సీరియల్ చరిత్రలో అందరూ తలచుకొనేది 2006లో వచ్చిన ఆల్డో కెల్‌రాస్ట్ కథ. మీసాలున్న ఒక ఒంటరి మనిషి మేరీ వెంట పడతాడు, వద్దన్నకొద్దీ ఇంటి చుట్టూ తిరుగుతాడు. అతని ఇంటిపేరులోని ఇంగ్లిష్ అక్షరాలను కలిపి మళ్లీ పేర్చితే స్టాకర్, అంటే వెంటపడి వేధించేవాడు అన్న మాట వస్తుంది. రచయిత్రి అంత బాహాటంగా తాళంచెవి గడప మీదే పెట్టినందుకు పాఠకులు మురిసిపోయారు. చివరికి మేరీ, ఆమె పొరుగువారు ఒకచోట చేరి అతన్ని నిలదీస్తారు, మన దగ్గర కులపెద్దలు కూర్చున్నట్టే అనుకోండి. అతను అవమానంతో తాగి కారు నడుపుతూ కొండ అంచు మీద నుంచి పడిపోతాడు. అప్పటికి అరవై ఏళ్లకు పైగా సలహాలు తప్ప మరేమీ జరగని ఒక కథలో ఒక కారు గాలిలోకి లేచింది. ఆ గడిని దాచుకోని వాడిని నేను ఈ బొమ్మల పాఠకుడిగా లెక్కపెట్టను.

మీరు ఎత్తిన ఇంకో సంగతి, అంటే చెప్పిందే చెప్పడం, మమ్మల్ని విసిగించదని నా అనుభవం. దాని లయ ఒకసారి పట్టుబడితే, ఏ గడిలో ఏ మాట వస్తుందో ముందే చెప్పగలుగుతాం. ఆవిడ సాల్మన్ చేప ముక్కల వంటకం గిన్నె ఎత్తిందంటే ఎవరికో హితబోధ మూడిందని, ఆదివారం గడుల్లో ఎవరో మహనీయుడి సూక్తి కనిపించిందంటే ఆ పొరుగువాడికి బుద్ధి వచ్చేసిందని మాకు తెలుసు. క్రికెట్ చూసేవాడు ఓవర్ ఓవర్‌కూ ఫలితం కోసం చూడడు, బౌలర్ చేయి తిరిగే తీరు చూస్తాడు. ఇదీ అంతే.

అపార్ట్‌మెంట్ త్రీ జీ సంగతి మాత్రం వేరు. మన్‌హాటన్‌లో ఒకే ఇంట్లో అద్దెకు ఉండే ముగ్గురు అమ్మాయిలు, నల్లజుట్టు మార్గో, ఎర్రజుట్టు టామీ, బంగారు జుట్టు లూ ఆన్, వాళ్ల కథ అది. చివరి రోజుల్లో కథలో మాట ఒకటి, బొమ్మ ఒకటి అయిపోయాయి. ఇంట్లో ఉన్నామని పాత్రలు అంటుంటే వెనుక చెట్లు కనిపించేవి, మార్గో ఎక్కడికి పోతోందో ఆమెకూ తెలియకుండా నెలల తరబడి వీధుల్లో తిరిగింది, ఎవరి ముఖం ఎవరిదో జుట్టు రంగును బట్టి పోల్చుకోవలసి వచ్చేది. 2015 నవంబర్ 22న ఆ సీరియల్ ఆగిపోయింది. మేము చివరి ఏడాది అంతా తెగ నవ్వాం. ఆగిపోయిన మరునాడు మాత్రం అలవాటుగా పేజీ తెరిచి, అక్కడ ఏమీ లేకపోతే కాసేపు ఫోన్ అలాగే పట్టుకొని కూర్చున్నాను.


జవాబు: జనగామ టీచరమ్మ

మానేరు గట్టు తమ్ముడూ, చివర్లో నువ్వు రాసిన ఆ నాలుగు వాక్యాలు చదివాక కూడా మీ నవ్వును నేను ఒప్పుకోలేకపోతున్నాను.

నువ్వు జుట్టు రంగును బట్టి పోల్చుకున్నామన్న ఆ బొమ్మలు గీసిన ఫ్రాంక్ బోల్ 1924లో పుట్టాడు. ఆ సీరియల్ ఆగిపోయేనాటికి ఆయనకు 91 ఏళ్లు. ఆ వయసులో వారానికి ఏడు రోజుల గడులు పూర్తి చేయడం అంటే ఏమిటో, నలభై మంది పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన చేయిగా నేను కొంత ఊహించగలను. మేరీ వర్త్‌ను 1991 నుంచి గీసిన జో జియెల్లా కూడా 2016లో, 88 ఏళ్ల వయసులో గాని కుంచె దించలేదు. ఒక ముసలి చేయి వణికితే అందులో మీకు కనిపించింది చెట్లు తప్పుచోట ఉన్నాయనా?

ఇంకొకటి. మేరీ వర్త్ అనవసరంగా తలదూరుస్తుందని అందరూ వెక్కిరిస్తున్నారు. మా చిన్నప్పుడు జనగామలో మా వాడలో ఒక పెద్దమ్మ ఉండేది. ఎవరింట్లో గొంతు పెరిగినా, సర్వపిండి గిన్నె కొంగు కింద పెట్టుకొని వచ్చి గడప మీద కూర్చునేది. ఆమె ఎదుట అందరూ నోరు మూసుకునేవారు, ఆమె వెళ్లగానే అందరూ నవ్వుకునేవారు. అయినా ఆ పూట ఆ ఇంట్లో దెబ్బలు ఆగిపోయేవి. నవ్విన వాళ్లలో మా అమ్మ కూడా ఉంది, ఆ గిన్నె వల్ల బాగుపడ్డ వాళ్లలోనూ మా అమ్మ ఉంది. ఇంతకంటే ఎక్కువ ఇక్కడ రాయను.

ఆల్డో చావు మీద కూడా నాకు నవ్వు రాలేదు. వేధించేవాడు శిక్షకు తగినవాడే, దాన్ని నేను కాదనను. కానీ ఒక ఒంటరి మనిషిని పదిమంది కూర్చోబెట్టి నిలదీసి, అతను తాగి చచ్చిపోతే, అదంతా ఆ పెద్దావిడ మంచితనంగా చూపించిన రచయితను నిలదీయాలి. మీరంతా కారు ఎగిరిందని చప్పట్లు కొట్టారు.


జవాబు: చేర్యాల పటం (కాకతీయ విశ్వవిద్యాలయంలో జానపద కళల మీద పరిశోధన చేసినవాణ్ని)

టీచరమ్మ గారూ, లెక్చరర్ సార్, ఈ చర్చలో మన ప్రాంతం వైపు నుంచి ఒక సంగతి చెప్పాలని ఉంది. బొమ్మల గడుల్లో సాగే సుదీర్ఘమైన కథ మనకు కొత్త కాదు. పూర్వపు వరంగల్ జిల్లాలోని చేర్యాలలో, ఇప్పుడది సిద్దిపేట జిల్లాలో ఉంది, నకాశీ కళాకారులు చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించిన బట్ట మీద, ఎర్రటి నేపథ్యంలో, వరుస కింద వరుసగా గడులు గీసి పదుల అడుగుల పొడవున్న పటాలు తయారు చేసేవారు. కూనపులి అనే కులపు కథకులు అలాంటి పటాన్ని వేలాడదీసి, పద్మశాలీల ఊళ్లలో మార్కండేయ పురాణం రాత్రుళ్ల తరబడి చెప్పేవారు. ఒక్కో గడిని కర్రతో చూపిస్తూ కథ నడిపేవారు. ఆ కథ వినేవాళ్లందరికీ ముందే తెలుసు. అదే కథ మళ్లీ వినడానికే వచ్చేవారు కనుక, ముగింపు ఎప్పుడన్న ప్రశ్నే లేదు.

ఆ పటానికీ, లెక్చరర్ సార్ చదివే మూడు గడులకూ నాకు కనిపించే తేడా కథలో లేదు, పక్కన నిలబడే మనిషిలో ఉంది. చేర్యాల పటం తనంతట తాను మాట్లాడదు, దాని పక్కన కథకుడు ఉంటాడు. పత్రికలోని గడి అచ్చయ్యాక ఒంటరిదైపోతుంది. దాన్ని గీసినవాడు వారాల ముందే గీసి పంపేసి ఉంటాడు, చదివేవాడు ఒక్కడే కూర్చొని చదువుతాడు.

ఒగ్గుకథను తీసుకోండి. మల్లన్న కథనో, బీరప్ప కథనో, ఎల్లమ్మ కథనో ప్రధాన కథకుడు చెబుతూ ఉంటే, పక్కన వంత పాడేవాడు ఊరికే ఊకొట్టడు. రాజు వేటకు బయలుదేరాడని కథకుడు అంటే, అన్నం తిన్నాకనా తినకముందా అని అడుగుతాడు. కథకుడు రాణి అందాన్ని సాగదీసి వర్ణిస్తే, పొద్దు పొడుస్తోంది మామా, రాణిని గడప దాటనీ అంటాడు. జనం నవ్వుతారు, కథకుడు కోపం నటిస్తాడు, కథ ముందుకు సాగుతుంది. కథ ఎక్కడ సాగిందో, ఎక్కడ తడబడిందో అందరికంటే బాగా తెలిసినవాడు ఆ వంతగాడే, ఎందుకంటే ప్రతి రాత్రీ మొదటి నుంచి చివరి దాకా వినక తప్పనివాడు అతడొక్కడే. మీ గ్రంథాలయం పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నది ఆ వంతగాడి పని అని నా ఉద్దేశం. ఆయనకు డోలు లేదు, ఎదుట కథకుడు లేడు, అందుకని పక్క కుర్చీలో ఉన్న మిమ్మల్ని పట్టుకున్నారు.

అయితే టీచరమ్మ గారు ఎత్తి చూపిన హద్దు కూడా ఇక్కడే ఉంది. నేను విన్న కథల్లో వంతగాడు సాగదీతను వెక్కిరిస్తాడు, రాజుల గొప్పలను వెక్కిరిస్తాడు, సంభావన ఇవ్వడానికి వెనుకాడే ఊరి పెద్దలను మొహం మీదే వెక్కిరిస్తాడు. కథకుడి గొంతు బొంగురుపోయిన రాత్రి మాత్రం అతను జోకులు మానేసి, ఆ చరణం తానే ఎత్తుకుంటాడు. అమెరికా పాఠకులు బోల్ చివరి గడుల దగ్గర ఎత్తుకోగల చరణం ఏదీ లేదు. వాళ్లకు ఆ వీలు లేకపోవడం వాళ్ల తప్పు కాకపోవచ్చు, కానీ ఆ నవ్వు వినడానికి కొంత కర్కశంగా ఉంటుందన్నది నిజం.


జవాబు: మానేరు గట్టు

టీచరమ్మా, బోల్ వయసు సంగతి ఆ రోజుల్లో నాకు తెలియదు. తెలిసిన తరువాత ఆ పాత గడులను మళ్లీ తిరగేశాను. చెట్ల మీద జోకులు వెనక్కి తీసుకుంటున్నాను. విల్బర్ మీద మాత్రం ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను, ఆయన వయసు పెరగదు, చేయి వణకదు, బుద్ధి రాదు.


జవాబు: నయీంనగర్ పాత లెక్చరర్

అందరికీ కృతజ్ఞతలు. మేరీ వర్త్ పద్ధతిలో ఈ కృతజ్ఞతలు వారం రోజులు చెప్పవలసి ఉంది గాని, ఒక్క గడిలో ముగిస్తాను.

కాజీపేట సార్ లెక్కను నేను నిన్న రాత్రి కాగితం మీద సరిచూశాను. గడిచిన నాలుగు వారాల గడులు వరుసగా పెట్టుకొని, దేనిలో నిజంగా కొత్త సంగతి ఉందో చూసి టిక్కు పెట్టాను. వారానికి ఆరు అని ఆయన అన్నది ఉదారమైన అంచనా. నాకు ఒక వారంలో నాలుగు దొరికాయి, ఇంకో వారంలో రెండే దొరికాయి, ఆ రెండింటిలో ఒకటి ఒక పాత్ర అవునా అనడం. ఫిజిక్స్ చెప్పిన మనిషిని కనుక ఈ లెక్కలో నాకు వచ్చిన ఆనందాన్ని దాచుకోలేను.

వంతగాడి మాట మా శ్రీమతికి చదివి వినిపించాను. ఆమె పుట్టినిల్లు కొమురవెల్లి దగ్గరి ఊరు, చిన్నప్పుడు ఒగ్గుకథలు తెల్లవార్లూ కూర్చొని విన్న మనిషి. అంతా విని, "అయితే ఇరవై ఏండ్ల సంది నా సీరియల్ పక్కన కూసోని మీరు చేసింది గదేనా? మరి ఒక్కనాడన్న చరణం ఎత్తుకుంటిరా?" అన్నది. టీచరమ్మ గారూ, ఆమె మీ పక్షం.

నిన్నటి నుంచి మా ఇంట్లో ఒక ఒప్పందం నడుస్తోంది. ఆమె సీరియల్ వచ్చే అరగంట నేను నోరు మెదపకుండా కూర్చోవాలి, ఆ తరువాత నా మూడు గడులు ఆమెకు తెలుగులో చెప్పాలి. నిన్న మొదటిసారి చెప్పాను. మేరీ ఒక తలుపు ముందు నిలబడి ఉంది, చేతిలో పళ్లెం ఉంది, ఇంకా తలుపు తీయలేదు అన్నాను. ఈరోజు సాయంత్రం వంటింట్లోంచే, తీసిన్రా అని అడిగింది. లేదన్నాను.